ఆపినవాళ్లే ముందు మాట్లాడాలి

"ముగ్గురు కూర్చునే సోఫా మీద ఐదుగురు కూర్చున్నారు. లేవమంటే లేవరు, తినమంటే తినరు. ఏమిటమ్మాయీ ఇది?" అని అత్తగారు వంటింట్లోంచి మూడోసారి అడిగారు.

కోచ్ నిన్న సాయంత్రం చెప్పకూడని మాటలన్నీ చెప్పేసి, ఇవాళ పొద్దున చెప్పాల్సిన మాట ఒక్కటీ దొరక్క, భోజనాల బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

సోఫా మీద ఉన్నది ఆమె జట్టు. కాలేజీ తరఫున కంప్యూటర్ల ముందు కూర్చుని వీడియో గేమ్ పోటీలు ఆడే జట్టు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, ఎవరి కోట ముందు కూలితే వాళ్లు ఓడినట్టు. ఏడున్నరకి బెల్లు కొట్టి, "గుడ్ మార్నింగ్ మేడమ్" అని కూడా అనకుండా లోపలికొచ్చి, మ్యాచ్‌లో ఏ వరసలో కూర్చుంటారో సోఫా మీద కూడా అదే వరసలో ఇరుక్కున్నారు.

మధ్యలో కెప్టెన్. ఫిజిక్స్ రెండో ఏడు చదివే సన్నపాటి అమ్మాయి, ఒళ్లో లాప్‌టాప్. ఆమెకి కుడిపక్క సారీ. ఆటలో ఎదుటివాణ్ణి పడగొట్టినా "సారీ" అనడం అతని అలవాటు, అందుకని అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది. ఎడమపక్క కునుకు. ఎక్కడ కూర్చోబెట్టినా రెండు నిమిషాల్లో నిద్రపోతాడు, మ్యాచ్ మొదలైతే మాత్రం రెప్ప వెయ్యడు. ఇప్పుడు మ్యాచ్ లేదు కాబట్టి నిద్రపోతున్నాడు. రెండు చివర్లా ఇద్దరు రూమ్మేట్లు. ఒకడు మొదలుపెట్టిన మాట రెండోవాడు పూర్తిచేస్తాడు, కాబట్టి ఇద్దరికీ ఒక పేరు సరిపోయింది.

సాయంత్రం నాలుగింటికి సెమీఫైనల్. గెలిస్తే ఫైనల్. ఓడితే వీళ్లు సాధన చేసే గది సోమవారం నుంచి కెమిస్ట్రీ వాళ్ల స్టోరు రూము అవుతుందని ప్రిన్సిపాల్ నోటీసు బోర్డు మీద పెట్టేశారు. ఆ గది ఒకప్పుడు కెమిస్ట్రీ వాళ్లదే. ఎనిమిదేళ్లయినా దాని వాసన పోలేదు.

"అడగాల్సింది ఏదైనా ఉంటే అడగండి," అంది కోచ్ చివరికి.

"మేమేం అడగం మేడమ్," అన్నాడు ఈ చివర రూమ్మేటు.

"అంతా వినేశాంగా," అన్నాడు ఆ చివరివాడు.

అత్తగారు ఉడికించిన గుడ్ల పళ్లెం, రొట్టె ముక్కల పళ్లెం తెచ్చి టీబల్ల మీద పెట్టారు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, అందులో పన్నెండేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. పళ్లెం పెట్టినా బల్ల మీద బెత్తం పెట్టినట్టే ఉంటుంది.

"ఏం విన్నారు? ఎలా విన్నారు? ఒక్కరు చెప్పండి. మొత్తం చెప్పండి."

సారీ గొంతు సవరించుకున్నాడు. "నిన్న సాయంత్రం మేం కాలేజీలో ప్రాక్టీస్ చేస్తున్నాం మామ్మగారూ. మేడమ్ ఇక్కడ గదిలోంచి హెడ్‌సెట్ పెట్టుకుని మాతో మాట్లాడుతున్నారు. మధ్యలో డాక్టరుగారు గదిలోకి వచ్చారు. మేడమ్ మైకు ఆపబోయి దాని పక్క బటన్ నొక్కేశారు. సారీ."

"పక్క బటన్ ఏం చేస్తుంది?"

"చెవి బొమ్మ ఉంటుందండీ దాని మీద. అది నొక్కితే మేం మాట్లాడేది ఆవిడకి వినబడదు. ఆవిడ మాట్లాడేది మాత్రం మాకు వినబడుతుంది."

"అంటే చెవులు మూసుకుని నోరు తెరిచిందన్నమాట," అన్నారు అత్తగారు. "మా బళ్లో సగంమంది టీచర్లు చేసిన పని అదే. దానికి బటన్ కూడా ఉందని ఇప్పుడే వింటున్నాను."

"మైకు ఆన్‌లో ఉంది మేడమ్ అని ఐదుగురం గొంతు చించుకున్నాం," అన్నాడు ఒక రూమ్మేటు.

"లైబ్రరీ వాళ్లొచ్చి తిట్టి వెళ్లారు," అన్నాడు రెండోవాడు.

అప్పుడే పడకగదిలోంచి కోచ్ భర్త పిల్లిలా బయటికొచ్చాడు. చేతిలో బ్యాగు, కాళ్లకి అప్పుడే బూట్లు. పళ్ళ డాక్టరు. సోఫా వైపు చూడకుండా గోడవారగా గుమ్మం దాకా వెళ్లాడు.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

"తొమ్మిదింటికి పేషెంటున్నాడమ్మా. జ్ఞానదంతం. వాచిపోయి ఉంది."

"కూర్చో. ఇక్కడా వాచిపోయే ఉంది."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బ్యాగు మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నాడు, ఏ క్షణంలోనైనా అవకాశం రాకపోతుందా అని.

"ఇంతకీ విన్నదేమిటి?" అన్నారు అత్తగారు.

చివరికి కోచే చెప్పింది. "అద్దాల కాలేజీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది అత్తయ్యా. కోచ్‌గా రమ్మన్నారు. ఆ సంగతి మీకు చెప్పాలా వద్దా అని మేమిద్దరం గొడవపడ్డాం. వీళ్లు విన్నది అదే."

అద్దాల కాలేజీ అంటే ఊరి చివర ఎండకి కళ్లు మిరుమిట్లు గొలిపే కాలేజీ. ముప్పై కంప్యూటర్లు, కోచ్‌కి వేరే గది, ఆ గదికి సొంత తలుపు. సాయంత్రం నాలుగింటికి సెమీఫైనల్లో వీళ్లు ఆడబోయేది కూడా ఆ కాలేజీతోనే.

అత్తగారు "అలాగా" అని టీబల్ల మీద గ్లాసులు సర్దడం మొదలుపెట్టారు. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

"మీరు సాయంత్రం మా వెనక కూర్చుంటారా, వాళ్ల వెనక కూర్చుంటారా మేడమ్?" అన్నాడు రూమ్మేటు.

"ముందే చెప్తే..." అన్నాడు రెండోవాడు. వాడికీ ఆ వాక్యం పూర్తిచెయ్యబుద్ధి కాలేదు.

కోచ్ కెప్టెన్ వైపు చూసింది. ఆమె భయమంతా ఈ పిల్ల గురించే. మ్యాచ్‌లో జట్టు మొత్తానికి ఒక్క గొంతే ఉండాలి. ముందుకెళ్లాలా, వెనక్కి రావాలా, ఎవర్ని ఎదుర్కోవాలి, అన్నీ కెప్టెనే చెప్తుంది, మిగతావాళ్లు రెండు మాటలకి మించి మాట్లాడరు. దాన్నే కాల్ ఇవ్వడం అంటారు. ఆ గొంతు పొద్దున ఏడున్నర నుంచి ఒక్క మాట అనలేదు. నిన్న రాత్రి నుంచీ ఇంతేనని, హాస్టల్లో కూడా పెదవి విప్పలేదని సారీ గుమ్మంలోనే కోచ్ చెవిలో వేశాడు. కెప్టెన్ మాట్లాడకపోతే నాలుగింటికి వీళ్లు వెళ్లడమే దండగ.

"నువ్వైనా ఏదో ఒకటి అనమ్మా," అంది కోచ్. "తిట్టు, పోనీ."

కెప్టెన్ తిట్టలేదు. ఒళ్లోని లాప్‌టాప్ తీసి గుడ్ల పళ్లెం పక్కకి జరిపి టీబల్ల మీద పెట్టి, మూత తెరిచి, ఇంట్లోవాళ్లకి కనబడేలా తిప్పింది. తెర మీద నిన్నటి తేదీ, దాని కింద ఒక పొడుగాటి గీత.

కోచ్ ముఖంలో రంగు మారింది. ప్రాక్టీసులన్నీ రికార్డు చెయ్యాలని నియమం పెట్టింది తనే.

"రివ్యూ చేద్దామంటోంది," అన్నాడు సారీ. "సారీ మేడమ్."

"రివ్యూ ఏమిటి?" అన్నారు అత్తగారు.

"ప్రతి మ్యాచ్ తర్వాతా రికార్డింగ్ పెట్టుకుని చూస్తాం మామ్మగారూ. ఎవరైనా ఎక్కడైనా ఆపచ్చు. కానీ ఆపినవాళ్లే ముందు మాట్లాడాలి," అన్నాడు రూమ్మేటు.

"సాకులు చెప్పకూడదు. అప్పుడు ఏం చూశారో అదే చెప్పాలి. మొత్తం మూసెయ్యాలంటే మాత్రం కెప్టెన్ ఒప్పుకోవాలి, మేడమ్ చెప్పినా కుదరదు," అన్నాడు రెండోవాడు. "మేడమే రాసి గోడకి అంటించారు."

అత్తగారి కళ్లు మెరిశాయి. "ఎంత మంచి పద్ధతి! మా స్టాఫ్ మీటింగుల్లో ఇదుంటే ఇంకో పదేళ్లు సంతోషంగా పనిచేసేదాన్ని." కుర్చీ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, అధ్యక్షత వహించారు. "పెట్టు తల్లీ."

డాక్టరు ఫోను తీసి క్లినిక్‌లో అసిస్టెంటుకి చెప్పాడు. "నేను రావడం ఆలస్యమవుతుంది. ఉప్పునీళ్లు పుక్కిలించమను. ఆ, మళ్లీ మళ్లీ పుక్కిలించమను."

కెప్టెన్ మీట నొక్కింది.

సొంత గొంతు పరాయి పెట్టెలోంచి వినడం ఎవరికీ బాగుండదు. మొగుడితో పోట్లాడుతున్న సొంత గొంతు అత్తగారి పక్కన నిలబడి వినాలంటే మరీ కష్టం. కోచ్ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది.

"గోడకి చేరబడి నిలబడితే ఏమొస్తుంది? నువ్వేదో ఒకటి చెప్పు," అంది లాప్‌టాప్‌లోని కోచ్.

అత్తగారు టక్కున మీట నొక్కారు.

"నువ్వా? వీణ్ణి నువ్వంటావా?"

డాక్టరు బ్యాగుని ఇంకొంచెం దగ్గరికి హత్తుకున్నాడు.

"మామ్మగారూ, ఏం చూశారో చెప్పాలి," అన్నాడు రూమ్మేటు.

"చూసిందే చెప్తున్నాను. పదకొండేళ్లుగా నా ముందు 'మీరు', 'ఏవండీ' అంటూ నాటకం ఆడటం చూశాను. ఆ 'ఏవండీ' ఎప్పుడూ కొంచెం ఎక్కువ సాగేది. అప్పుడే అనుమానం వచ్చింది."

"అమ్మా, అది నేనే అలా పిలవమని..."

"సాకు!" అన్నారు రూమ్మేట్లిద్దరూ ఒకేసారి.

డాక్టరు నోరు మూసుకున్నాడు. రోజంతా ఊళ్లోవాళ్ల చేత నోళ్లు తెరిపించే ఆ మనిషికి ఇంట్లో ఇది మామూలే.

రికార్డింగ్ మళ్లీ నడిచింది. ఉత్తరం సంగతి కొంత, దాన్ని అమ్మకి ఎప్పుడు చెప్పాలన్న సంగతి కొంత. తర్వాత కోచ్ గొంతు కొంచెం తగ్గింది.

"ఆ పిల్లకి భయం పట్టుకుంది. పోయిన మ్యాచ్‌లో అటు ముగ్గురే ఉన్నారు, మనవాళ్లు వాళ్ల కోట తలుపు దాకా వెళ్లారు. పడగొట్టెయ్యాల్సిన సమయంలో వెనక్కి పిలిచేసింది. సెమీఫైనల్లో కాల్ సారీకి ఇద్దామనుకుంటున్నాను. ఆ సంగతి తనకింకా చెప్పలేదు."

సారీ మీట నొక్కాడు. గదిలో అందరూ కెప్టెన్‌ని చూడకుండా ఉండటానికి తలా ఒక వస్తువుని చూశారు.

"నాకొద్దు మేడమ్," అన్నాడు సారీ. "నేను కాల్ ఇస్తే కొట్టండి సారీ, వద్దు సారీ, పోనీ కొట్టండి సారీ అంటూ ఉంటాను. ఈలోగా మన కోట కూలిపోతుంది. ఇక చూసింది చెప్పమంటే... అటు ముగ్గురు కాదు. నాలుగోవాడు పొద వెనకున్నాడు. నాకు కనబడ్డాడు. చెప్పేలోపు తనే వెనక్కి పిలిచేసింది. తర్వాత మీరు తనని కోప్పడుతుంటే చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు."

"నాలుగోవాడు పొదలోనే ఉన్నాడు," అన్నారు అత్తగారు గుడ్డు పెంకు తీస్తూ. "ఐదోవాడు పైనుంచి చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఇంకో పది సెకన్లుంటే ఐదుగురూ చచ్చేవాళ్లు. వెనక్కి పిలవడమే సరైంది."

గది మొత్తం అత్తగారి వైపు తిరిగింది. కునుకు కూడా ఒక కన్ను తెరిచాడు.

"మీకెలా తెలుసత్తయ్యా?" అంది కోచ్.

"పేపర్లో వేశారు."

"పేపర్లో మా మ్యాచులు వెయ్యరు మామ్మగారూ."

"అయితే ఎక్కడో చూసుంటాను. ముందు గుడ్లు తినండి, చల్లారిపోతున్నాయి."

కోచ్ వచ్చి కెప్టెన్ ఎదురుగా నేల మీద కూర్చుంది. నియమాలు రాసినప్పుడు అవి తన మెడకే చుట్టుకుంటాయని ఆమె అనుకోలేదు, కానీ రాసినందుకు ఇప్పుడు బాధపడలేదు కూడా.

"నేను ముగ్గుర్నే చూశాను," అంది. "నాలుగోవాణ్ణి చూడలేదు. చూడకుండా నీకు భయమని అనుకున్నాను, అనుకుని నీతో చెప్పకుండా ఇంట్లో చెప్పాను. రెండూ తప్పే. సాయంత్రం కాల్ నీదే."

ఇంకేం, కెప్టెన్ ఇప్పుడు మాట్లాడుతుందని అందరూ ముందుకి వంగారు. ఆమె కోచ్ కళ్లలోకి ఒకసారి చూసి, మాట్లాడకుండా మళ్లీ మీట నొక్కింది.

"వెళ్లాలని ఉందా నీకు?" అని లాప్‌టాప్‌లో డాక్టరు అడిగాడు.

"ఉంది," అంది కోచ్ గొంతు. "అబద్ధం ఎందుకు చెప్పాలి? ఉంది."

ఈసారి ఆపింది కునుకు. కళ్లు నులుముకుంటూ అడిగాడు. "ఉత్తరం ఎప్పుడొచ్చింది మేడమ్?"

"నిన్న మధ్యాహ్నం."

"మనం వాళ్లతో ఆడేది ఇవాళ."

"అవును."

"నేను చూసింది అంతే," అని కునుకు మళ్లీ తల వాల్చేశాడు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అందరూ కోచ్ చెప్పబోయేదాని కోసం చూస్తున్నారు. అత్తగారొక్కరే చేతిలో గుడ్డు అలాగే పట్టుకుని కాసేపు కునుకు వైపు చూశారు.

"వెళ్లాలని ఎందుకు అనిపించిందో చెప్పనా?" అంది కోచ్. "సాకు కాదు, చూసిందే చెప్తాను. కవరు మీద నా పేరు చూశాను. ఎనిమిదేళ్లుగా నేనే అందరి గుమ్మాల దగ్గరికీ వెళ్లాను. కుర్చీల కోసం లైబ్రరీకి, ఫ్యాను కోసం ఆఫీసుకి, గది కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి. నా పని చూసి 'మీరు రండి' అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. నిన్న మొదటిసారి ఒకరు అన్నారు. ఆ కాగితం నాలుగుసార్లు చదువుకున్నాను. ఒప్పుకుంటానో లేదో నాకే తెలీదు. కానీ చదువుకుంటే సంతోషం వేసింది. మీకు ముందు చెప్పాల్సింది, చెప్పలేదు."

రూమ్మేట్లిద్దరూ తలొంచుకున్నారు. వాళ్లకి కోపం తెచ్చుకోవడం చేతనవును గానీ, దాన్ని పది నిమిషాలకి మించి నిలబెట్టుకోవడం చేతకాదు.

"మీ పని బాగుంటుంది మేడమ్," అన్నాడు ఒకడు.

"వాళ్లకీ అది తెలిసుంటుంది," అన్నాడు రెండోవాడు.

అత్తగారు గుడ్డుని పళ్లెంలో పెట్టేశారు.

లాప్‌టాప్‌లో గొడవ చివరికొచ్చింది. కోచ్ గొంతు గట్టిగా లేచింది. "మీ అమ్మ ఎదురింటావిడతో నన్ను కంప్యూటర్ లెక్చరర్ అని చెప్పింది! కోచ్‌నని చెప్పుకోవడానికి ఆవిడకి నామోషీ. ఉద్యోగం చేస్తున్నాననే నమ్మని మనిషికి ఉద్యోగం మారుతున్నానని ఏం చెప్పను?"

కోచ్ కంగారుగా చెయ్యి చాచింది కానీ, అప్పటికే అత్తగారి వేలు మీట మీద ఉంది.

డాక్టరు సగం లేచాడు. "అమ్మా, ఆ పేషెంటు పాపం..."

"పుక్కిలిస్తాడు. కూర్చో." అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడ గొంతులో హెడ్‌మిస్ట్రెస్ కాసేపు లేదు. "నేను చూసింది చెప్తాను. ఎనిమిదేళ్లుగా నువ్వు ఆ గదిలోంచి తలనొప్పితో ఇంటికి రావడం చూశాను. ఏడిస్తే కనబడుతుందని ముందు మొహం కడుక్కుని రావడం చూశాను. కోచ్ అని చెప్తే ఎదురింటావిడ 'ఏం ఆట?' అంటుంది. చెప్పాననుకో, 'అదీ ఒక ఆటేనా?' అంటుంది. ఆ రెండో మాటకి నాకు ఒళ్లు మండుతుంది. అందుకని మొదటి మాట దాకా రానివ్వను."

పదకొండేళ్లలో అత్తగారి నోట అలాంటి మాట వినడం ఇదే మొదలు. కోచ్ ఏం చెయ్యాలో తెలియక లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. సారీ కళ్లు తుడుచుకుని తనకు తనే సారీ చెప్పుకున్నాడు.

"మ్యాచులన్నీ చూస్తున్నారు కదత్తయ్యా?"

"అప్పుడప్పుడు," అన్నారు అత్తగారు. "అన్నీ."

రికార్డింగులో కోచ్ విసురుగా హెడ్‌సెట్ బల్ల మీద పెట్టిన చప్పుడు, అడుగులు, వెనకే డాక్టరు అడుగులు. తర్వాత నిశ్శబ్దం. నిన్న అక్కడిదాకా విని నలుగురు కుర్రాళ్లూ కంప్యూటర్లు ఆపేసి హాస్టల్‌కి వెళ్లిపోయారు.

"అయిపోయింది!" అని అత్తగారు కోచ్ పట్టుకున్న చెయ్యి వదిలించుకోకుండానే లేచారు. హెడ్‌మిస్ట్రెస్ తిరిగొచ్చేసింది. "అందరూ చెప్పాల్సింది చెప్పారు, వినాల్సింది విన్నారు. ఎంత మంచి పద్ధతి! ఇక తిని ప్రాక్టీసుకి పదండి. నువ్వు వెళ్లి ఆ పన్ను పీకు." అంటూ లాప్‌టాప్ మూత మీద రెండో చెయ్యి వేశారు.

మూత దిగలేదు. అవతలివైపు నుంచి కెప్టెన్ పట్టుకుంది.

"ఇంకా పదకొండు నిమిషాలుంది," అంది కెప్టెన్.

నిన్న సాయంత్రం తర్వాత ఆమె అన్న మొదటి మాట అది. గొంతు బొంగురుగా ఉంది కానీ వణకలేదు.

"ఏముంటుంది తల్లీ అందులో, ఖాళీ గదే కదా," అన్నారు అత్తగారు. నవ్వబోయారు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "ఇక చాల్లే."

"మూసే హక్కు నాది మామ్మగారూ."

కోచ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అత్తగారు నుదుటి మీద చెమట తుడుచుకోవడం చూసింది. ఈ ఇంట్లో గట్టిగా మూసుకునే తలుపు తన గదికొక్కదానికే ఉందని, ఎవరికైనా ఒంటరిగా ఫోను మాట్లాడుకోవాలంటే అందరూ అక్కడికే వెళ్తారని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"నిన్న మీరందరూ వెళ్లిపోయారు," అంది కెప్టెన్ జట్టుతో. "నేను వెళ్లలేదు. మేడమ్ మళ్లీ వస్తారేమో, మైకు సంగతి చెబ్దామని కూర్చున్నాను." కోచ్ వైపు తిరిగింది. "మీరు నాకు భయమన్నారు కదా మేడమ్. భయమే. మ్యాచ్ గురించి కాదు. ఇది మీకు వినిపించాలా వద్దా అని. వినిపిస్తే మీ సంతోషం పోతుంది. వినిపించకపోతే సాయంత్రం మీ కళ్లలోకి చూస్తూ కాల్ ఇవ్వలేను. ముందుకా, వెనక్కా, నాకు తేలలేదు. అందుకే మాట్లాడలేదు."

"ఇప్పుడు తేలిందా?" అంది కోచ్ నెమ్మదిగా.

"ఇందాక మీరు ఆ కాగితం నాలుగుసార్లు చదువుకున్నానన్నారు చూడండి, అప్పుడు తేలింది. ముందుకే."

ఆమె మూత పైకెత్తి మీట నొక్కింది.

తలుపు గడియ పడిన చప్పుడు. కోచ్ కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత, రోజూ పొద్దున్నే ప్రార్థనలో బడి మొత్తాన్నీ నిలబెట్టిన ఆ గొంతు.

"నేనేనోయ్, మీ లెక్కల టీచర్ని. అద్దాల కాలేజీకి ప్రిన్సిపాల్‌వి అయ్యావు, అద్దాల గదిలో కూర్చున్నావు, ఇంకా చెప్పిన లెక్క చెప్పినట్టు చెయ్యడం రాలేదా నీకు? మా కోడలికి ఉద్యోగం ఇవ్వమని నేను అడిగాను. ఇస్తానని నువ్వన్నావు. బాగానే ఉంది. కానీ మ్యాచ్ అయ్యాక పంపమన్నానా లేదా? మధ్యాహ్నమే మా గుమ్మంలో నీ కవరు చూశాను, ముందే ఎందుకు పంపావు?"

అవతలి జవాబు వినబడలేదు.

"ఏమిటీ? మ్యాచ్ ముందు దాని మనసు చెదరాలనా? నవ్వుతావేమిట్రా?" అంది లాప్‌టాప్.

అత్తగారి వేలు మీట మీద పడింది. పడిన తర్వాత గానీ తనేం చేశారో ఆవిడకి తెలియలేదు.

డాక్టరు ఫోను మోగుతోంది. తియ్యలేదు. కునుకు రెండు కళ్లూ తెరుచుకుని నిటారుగా కూర్చున్నాడు, మ్యాచ్ మొదలైనట్టు.

"ఆపింది మీరు మామ్మగారూ," అంది కెప్టెన్. "ఆపినవాళ్లే ముందు మాట్లాడాలి."

"సాకులు చెప్పకూడదు," అన్నాడు సారీ. ఆ తర్వాత సారీ చెప్పలేదు.

కోచ్ పట్టుకున్న అత్తగారి చెయ్యి ఇంకా వదల్లేదు. వదలాలో, అలాగే పట్టుకోవాలో ఆమెకే తెలియడం లేదు.

"అత్తయ్యా," అంది. "ఆ ఉత్తరం నాకొచ్చిందా, మీకొచ్చిందా?"

"నేను అప్పుడు చూసిందేమిటంటే..." అని మొదలుపెట్టారు అత్తగారు. ముప్పై నాలుగేళ్లు పిల్లల ఎదుట నిలబడి మాట్లాడిన మనిషి, మిగతాది చెప్పడానికి కుర్చీ కోసం చెయ్యి చాచారు.